మొదటి వంతు నీళ్లు

మొన్న మదనపల్లెలో, సోలార్ పనిలోకి కొత్తగా చేరిన ఇంజనీరు పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. రిటైరైనవాణ్ణి గుర్తుపెట్టుకోవడమే గొప్ప అనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు గోడ మీద బొమ్మలు వేసి భూగోళం, సముద్రమట్టం, బొగ్గు, పొగ అన్నీ చూపించారు. మంచి మాటలే. తీరా మైకు నా చేతికొచ్చేసరికి వెనకాల బిర్యానీ గిన్నెల మూతలు తీశారు. ఆ వాసన తగిలాక ఎవరు వింటారు? అందరూ బాగా పని చేయండి అని చెప్పి దిగిపోయాను. ఆ రోజు చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

నాది పుంగనూరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. పల్లెల్లో నన్ను సాయిబు సారు అంటారు. ముందు కరెంటు లైన్ల మీద, ఆఖరి ఏళ్లలో సోలార్ పంపుల మీద పని చేశాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివాటి గురించి మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది. సోలార్ పలక ఎంత వాలుగా పెట్టాలో, తీగ ఎంత లావుండాలో మీకు కాలేజీలో చెబుతారు. ఆ పలక వచ్చి కూర్చునే ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు నోరు మూసుకుని ఉంటారు అనేది ఎవరూ చెప్పరు. నేను నేర్చుకున్నదంతా అక్కడే.

మిద్దె మీద వడియాలు

మదనపల్లెలో ఒక బడిపంతులు తన మిద్దె మీద సోలార్ పెట్టించుకున్నాడు. కొన్నాళ్లకు, బిల్లు ఏమీ తగ్గలేదు, మమ్మల్ని మోసం చేశారు అని ఆఫీసుకొచ్చి ఒంటికాలి మీద లేచాడు. సరేనని వెళ్లి మిద్దె ఎక్కాను. పలకల మీద తెల్లటి పంచెలు పరిచి, వాటి మీద వరసగా వడియాలు పెట్టి ఉన్నాయి. ఒక మూల ఎండుమిరపకాయలు కూడా.

పంతులు భార్య నా వెనకే ఎక్కి వచ్చింది. ఆమెకు భయం లేదు, సిగ్గూ లేదు, పైగా సంబరం. "నున్నగా ఉండాది, ఎచ్చగా ఉండాది, మట్టి పడదు. ఒక్కపూటకే ఎండిపోతాండాయి సార్. మీరు శానా మంచి పని చేసినారు," అంది.

నవ్వు ఆపుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నీడ పడితే కరెంటు పుట్టదని ఆమెకు చెప్పాను. అప్పుడు ఆమె మొహం చిన్నబోయింది. మరి నేను వడియాలు యాడ పెట్టుకునేది అని అడిగింది. ఆ మిద్దె మీద ఆమె ఎండబెట్టుకునే జాగా అంతా మేం పలకలతో నింపేశాం. మొగుణ్ణి అడిగి సంతకం తీసుకున్నాం కానీ, రోజూ ఆ మిద్దె ఎక్కే మనిషిని అడగలేదు. మర్నాడు మనుషుల్ని పెట్టి ఒక వరస జరిపించి, ఆమెకు ఒక మూల ఖాళీ చేయించాను. పై ఆఫీసులో అడిగితే, నీడ సమస్య సరిచేశామని చెప్పాను. అబద్ధమేమీ కాదు.

కుప్పం సారు

కుప్పంలో ఉన్నప్పుడు నా పైన ఒక కుర్ర ఇంజనీరు ఉండేవాడు. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, పనిలో పిడుగు. ఒక మంచి అలవాటు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నీళ్లు బయటికొచ్చి కాలవలో పారేదాకా ఊరు వదిలి కదలనిచ్చేవాడు కాదు. మీటరు చూసి బాగుంది అని వచ్చేస్తే ఊరుకోడు, నీ చెయ్యి తడిసిందా అని అడిగేవాడు. మీరూ అలాగే చేయండి.

ఆయనకు ఒక చెడ్డ అలవాటు కూడా ఉండేది. బోరు ఎవరి పేరున ఉందో అడగండి, నీళ్లు ఎవరు వాడతారో అడక్కండి, అడిగితే సాయంత్రం దాకా చెబుతారు అనేవాడు. నిజమే, చెబుతారు. మా రైతులు తాత కాలం నుంచి మొదలుపెడతారు. కాకపోతే మనకు కావలసింది ఆ సాయంత్రం దాకా చెప్పే మాటల్లోనే ఉంటుంది. రోజుకు ఇన్ని పంపులు బిగించాలని పైనుంచి ఒత్తిడి ఉన్నప్పుడు ఎవరికి ఓపిక?

ఆ రోజుల్లోనే, సముద్రం మధ్యలో ఉండే ఏదో చిన్న దీవి దేశం నుంచి కొందరు మా పంపులు చూడ్డానికి కుప్పం వచ్చారు. అందులో ఒక లావుపాటి ఇంజనీరు నాకు బాగా దగ్గరయ్యాడు. ఇద్దరికీ అంతంతమాత్రం ఇంగ్లీషే కాబట్టి బాగా కుదిరింది. వాళ్ల ఊళ్లో ముందు డీజిల్ ఇంజను ఉండేదట. డీజిల్ ఓడలో రావాలి. ఓడ రాకపోతే ఊరంతా చీకటి, ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. తర్వాత సోలార్, బ్యాటరీలు వచ్చాయి. ఇప్పుడు చేపలు దాచుకునే పెద్ద ఐసు పెట్టె ఉన్నవాడు పగలంతా లాగేస్తాడు. పొద్దు గూకాక వరసలో చివరి ఇంట్లో ముందు దీపం ఆరిపోతుంది. ఇప్పుడు మా ఊళ్లో తగాదాలే తగాదాలు అని నవ్వాడు. నేనూ నవ్వి, టీ తాగించి పంపాను. ఆ మాట చెవిన వేసుకుని ఉంటే, తర్వాత సోమల దగ్గర పల్లెలో నాకు కొంత ముందే అర్థమయ్యేది.

ఒక బోరు, ముగ్గురు

సోమల దగ్గర ఒక పల్లెలో ముగ్గురికి కలిపి ఒక బోరు ఉండేది. అన్నదమ్ముల్లో పెద్దవాడు రెడ్డెప్ప, రెండోవాడు చెంగప్ప. మూడోవాడు చనిపోతే, అతని భాగం అతని భార్య మునెమ్మది. తండ్రి బతికుండగానే భూమి పంచి, నీళ్లూ పంచాడు. పొద్దున కరెంటు రాగానే మొదటి వంతు పెద్దవాడిది. నడిపొద్దు రెండోవాడిది. కడపటి వంతు మూడోవాడిది. మొదటి వంతు పెద్దరికానికి గుర్తు, అంతే. కరెంటు ఉన్నంతసేపూ మోటారు ఒకే తీరున తోడుతుంది కాబట్టి ముగ్గురికీ పారే నీళ్లు సమానమే.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో వంతుల బోర్లకు ఒక కట్టుబాటు ఉంది. ఒకరి వంతు నడుస్తున్నప్పుడు ఇంకొకరు బోరు దగ్గరికి పోరు. పోతే కాపలా కాస్తున్నట్టు, అనుమానిస్తున్నట్టు. దారి అటువైపే ఉన్నా చుట్టు తిరిగి పోతారు. ఇది మర్యాద, కాదనను. దీనివల్ల ఏళ్ల తరబడి ఆ ముగ్గురిలో ఎవరికీ పక్కవాళ్ల వంతులో గొట్టం ఎంత పోస్తుందో చూడవలసిన పని పడలేదు.

ఆ బోరు లైను చివర ఉండేది. వోల్టేజీ రాక మోటారు మాటిమాటికీ కాలిపోయేది. చెంగప్ప మా ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి సోలార్ పంపు తెచ్చుకున్నాడు. ఒక బోరుకు ఒక పేరే రాయాలి కాబట్టి అతని పేరే రాశారు. పంపును నడిపే డబ్బా తాళం అతనికే ఇచ్చారు. పాత కరెంటు తీగలు మేమే విప్పుకుని వెళ్లాం. పంపు మొదలుపెట్టింది మిట్టమధ్యాహ్నం. ఎప్పుడూ అప్పుడే మొదలుపెడతాం, ఫొటో బాగా వస్తుందని. నీళ్లు గొట్టం నిండా దుమికాయి. రెడ్డెప్పే టెంకాయ కొట్టి, పలకలకు పసుపు కుంకుమ పెట్టాడు. కుప్పం సారు నేర్పినట్టే నా చెయ్యి తడిసింది. అందరం సంతోషంగా వచ్చేశాం.

టమోటా పూతకొచ్చే వేళకు చెంగప్ప ఆఫీసుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అన్న తనతో మాట్లాడటం మానేశాడని, సొంతంగా బోరు వేయించుకోవడానికి బోరు లారీకి చెప్పేశాడని అన్నాడు. ఎక్కడ వేయిస్తాడు అని అడిగితే, పాత బోరుకు నాలుగు అడుగుల దూరంలో, అన్న గట్టు మీద అన్నాడు. మా నేలలో ఒక బోరు పక్కన ఇంకా లోతుగా ఇంకొకటి దించితే, కొత్తది ఆ నీళ్లే లాగేసుకుంటుంది, పాతది ఎండిపోతుంది. చెంగప్పకు ఇద్దరు కొడుకులు పనికి పోతున్నారు, అతను ఎలాగో బతుకుతాడు. మునెమ్మకు ఆ వంతు నీళ్లు తప్ప ఇంకే ఆధారమూ లేదు. ఆ బోరు పోతే ఆమె చేను వదిలి కూలికి పోవాల్సిందే.

ఆ కుప్పం సారే అప్పటికి పుంగనూరుకు మారి, మళ్లీ నా పైన ఉన్నాడు. పంపు పని చేస్తోందా అన్నాడు. చేస్తోంది అన్నాను. మరి అన్నదమ్ముల తగాదాతో మనకేం పని అన్నాడు. రూలు ప్రకారం ఆయన మాటే కరెక్టు. నేను సెలవు చీటీ రాసిచ్చి బయల్దేరాను.

రెడ్డెప్ప పొద్దు

రెడ్డెప్ప మంచి మనిషే. మాట పడడు, మాట తప్పడు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాకే తిట్టడం మొదలుపెట్టాడు. తన వంతులో నీళ్లు కాలవ చివరికి కూడా పోవడం లేదు. మధ్యాహ్నం చూస్తే చెంగప్ప చేలో కయ్య నిండా తడి. చెంగప్ప, నేను కలిసి డబ్బాలో ఏదో తిప్పి పెట్టామని ఆయన గట్టి నమ్మకం. తాళం తమ్ముడి దగ్గరుంది, పేరు తమ్ముడిది, అనుమానం రాక ఏం చేస్తుంది?

పొద్దున ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి పలకలకు బలం తక్కువని, నడినెత్తికి వచ్చాక బలం పెరుగుతుందని నాకు తెలిసినంతలో చెప్పాను. ఆయన చివరి దాకా విన్నాడు.

"నా పొద్దు వేరే, వాని పొద్దు వేరేనా సారూ? ఇద్దురికీ ఉండేది ఒగే సూర్యుడు గదా. సదువుకున్నోళ్లు, ఏమైనా సెప్తారు," అన్నాడు.

ఒకే సూర్యుడన్న మాట తప్పని ఎలా చెప్పేది? ఇక మాటలతో పని కాదని అర్థమైంది. ఆయన కళ్లతో ఆయనే చూడాలి. తీరా చూద్దాం రా అంటే కట్టుబాటు అడ్డమొచ్చింది. వాని వంతులో నేనాడికి రాను, నా వంతులో వాడు ఈడికి రాకూడదు అని తేల్చేశాడు.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. రేపు ఆ బోరు ఎవరి వంతూ కాదు, రేపంతా మా ఆఫీసు పరీక్ష, కాబట్టి రేపటి నీళ్లు నావి అన్నాను. ఆఫీసుకు అలాంటి పరీక్ష ఏదీ లేదు. సర్కారు వంతైతే వస్తాను అన్నాడు.

నా వంతు

మర్నాడు తెల్లవారేసరికి ముగ్గురూ వచ్చారు. అన్నదమ్ములు గొట్టానికి చెరోవైపు నిలబడ్డారు. మునెమ్మ బావగారి ముందు నిలబడటానికి మొహమాటపడి, కొంగు తల మీదికి లాక్కుని దూరంగా గట్టు మీద కూర్చుంది. నేను ఒక నీలం డ్రమ్ము గొట్టం కింద పెట్టించాను. తాళం చెంగప్ప దగ్గర తీసుకుని రెడ్డెప్ప చేతికిచ్చి, డబ్బా ఆయన్నే తీయమన్నాను. లోపల తిప్పేందుకు ఏమీ లేదని ఆయనే చూసుకున్నాడు.

పొద్దున డ్రమ్ము నిండటానికి రెడ్డెప్ప బీడీ ముట్టించి, పీల్చి, పారేసి, ఇంకొకటి ముట్టించాల్సి వచ్చింది. చూసినారా అన్నట్టు నావైపు చూశాడు. నడిపొద్దుకు అదే డ్రమ్ము ఆయన అగ్గిపెట్టె తీసేలోపల పొర్లిపోయింది. అది చూసి ఆయనకు కోపం తగ్గాల్సింది పోయి పెరిగింది. "సూడు, సూడు, నా తమ్ముడి నీళ్లు సూడు," అని నాతో అన్నాడు. చెంగప్ప తల దించుకున్నాడు. అతనికి తన నీళ్లు ఎక్కువని తెలుసు. పొద్దుటి నీళ్లు అంత తక్కువని మాత్రం తెలియదు. అన్న చేసేది ఊరికే సణుగుడు అనుకున్నాడట.

ఇప్పుడు అర్థమైంది కదా, ఇంక పోదాం అని రెడ్డెప్ప లేచాడు. నేను పోనివ్వలేదు. పరీక్ష పొద్దు గూకేదాకా అన్నాను. విసుక్కుంటూ కూర్చున్నాడు.

పొద్దు కొండ మీదికి వాలింది. మునెమ్మ వంతు వేళ అది. ధార సన్నబడుతూ, సన్నబడుతూ, ఆవు పొదుగు నుంచి వచ్చే పాలధార అంతకు దిగింది. డ్రమ్ములో సగం కూడా కాలేదు. మోటారు ఒకసారి మూలిగి, దానంతట అదే ఆగిపోయింది. వెలుతురు ఇంకా బాగానే ఉంది. రెడ్డెప్ప ఆగిపోయిన గొట్టాన్నే చూస్తూ, ఇంక రాదా అని అడిగాడు. రాదు అన్నాను. దినమూ ఇంతేనా అన్నాడు. ఆ సంగతి నాకు తెలియదు, ఆమెను అడగమన్నాను.

ఆయన మరదలితో నేరుగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఏదైనా ఉంటే భార్య చేత చెప్పించేవాడు. ఆ రోజు గట్టు వైపు తిరిగి, "ఏమ్మా, నాతో ఒక్క మాట సెప్పుంటే ఏమాయె?" అన్నాడు.

మునెమ్మ లేచి నిలబడింది. గొంతు బాగా చిన్నది, మేం ఒంగి వినాల్సి వచ్చింది. "యాడ సెప్పేది బావా. మొదుటి వంతుకే నీళ్లు లేవని మీరు బోరేయిస్తాండారు. కడాకరి దాన్ని, నాకూ లేవంటే, ఈ బోరే వద్దు తీసేయమంటారేమోనని ఊరుకుంటి. సగం టమోటా పీకేస్తి. ఎర్రావును సదుంలో మాయమ్మోళ్ల ఇంటికి తోలేస్తి. ఉండేదాంట్లో సర్దుకుంటాండా. ఈ బోరు మాత్రం పోగొట్టొద్దు బావా."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోను. ఇన్నాళ్ల సర్వీసులో ఎన్ని పంపులు బిగించామో గొప్పగా చెప్పుకున్నవాణ్ణి. మేం బిగించిన పంపు పక్కనే ఒక మనిషి మొక్కలు పీకేసుకుంటుంటే మా లెక్కలో అది బాగా పని చేస్తున్న పంపు. కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు.

రెడ్డెప్ప వంగి డ్రమ్ములోకి చూశాడు. తర్వాత తమ్ముణ్ణి పిలిచాడు. అన్నాళ్ల తర్వాత అదే మొదటి పలకరింపు.

"సెంగప్పా, రేపట్నించి నడిపొద్దు ఆయమ్మది. తెల్లారి వంతు నువ్వు తీసుకో. సాయంత్రం నాది."

చెంగప్ప బిత్తరపోయాడు. మొదుటి వంతు నాకొద్దన్నా, అది నీది, నాయన నీకిచ్చింది అన్నాడు.

"పెద్దోడివని నాయన ఇచ్చినాడు. ఆయన ఉంటే ఈ పొద్దు దాన్ని యెనక్కి తీసుకునుండును," అన్నాడు రెడ్డెప్ప. తాళం నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి నడిచాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న మునెమ్మ గట్టు మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. చెంగప్ప ఆమె దగ్గరికి పోవాలో వద్దో తెలియక డ్రమ్ము పట్టుకుని నిలబడ్డాడు.

పిల్లలకు

తర్వాత వాళ్లు వంతుల్ని నెలకోసారి మార్చుకునేట్టు కుదుర్చుకున్నారు. అది వాళ్ల తెలివి, నాకు అందులో భాగం లేదు. మీరు చేయాల్సింది ఒకటే. పంపు బిగించే ముందు ఆ బోరు మీద ఎంతమంది బతుకుతున్నారో, ఏ వేళ ఎవరిదో అడగండి. సాయంత్రం దాకా చెబుతారు, కూర్చుని వినండి. బిగించాక మధ్యాహ్నం చూసి వచ్చేయకండి. పొద్దునా, పొద్దు గూకేటప్పుడూ కూడా గొట్టం కింద చెయ్యి పెట్టి చూడండి. బొగ్గు పోయి సూర్యుడు రావడం చాలా మంచిదే, ఆ పని చేసినందుకు నాకు గర్వమే. అయితే కరెంటుతో పాటు వాళ్ల రోజును కూడా మనం మార్చేస్తున్నాం. ఆ సంగతి ముందే వాళ్లకు చెప్పడం మన ఉద్యోగంలో భాగం.

ఆ పరీక్ష జరిగిన మర్నాడు చెంగప్ప ఫోన్ చేశాడు. బోరు లారీ ఊరి మలుపు దాకా వస్తే అన్న ఎదురెళ్లి, డ్రైవరు చేత నానా తిట్లూ తిని దాన్ని వెనక్కి పంపేశాడట. అది చెప్పి చెంగప్ప ఆగిపోయాడు. ఇంకేమైంది అని అడిగాను. ఏమీ లేదు సార్ అని, చెప్పలేక చెప్పాడు. తెల్లవారుజామున మామూలుగానే అన్న నిద్ర లేచాడట. తలకు తువ్వాలు చుట్టుకుని, పార భుజాన వేసుకుని గడప దాటాడట. రెండడుగులు వేసి ఆగిపోయి, పారను మళ్లీ గోడకు ఆనించి, అరుగు మీద కూర్చున్నాడట. తెల్లగా తెల్లవారేదాకా అక్కడే కూర్చుని ఉన్నాడట.